లింక్ డాక్యుమెంట్ నంబరేది?

రాత్రి రెండున్నరకు ఫోన్ మోగింది. ఆన్‌కాల్‌లో ఉన్న కుర్రాడు. కంపెనీలో చేరి నాలుగు నెలలైంది.

“సారీ అన్నా, నిద్ర లేపిన. రోల్‌బ్యాక్ చేస్తున్న. రన్‌బుక్‌ల ఆరో స్టెప్ దగ్గర ‘పైన చెప్పిన ఫైల్‌ను పాత స్థితికి తెచ్చి, సంబంధిత సర్వీసును రీస్టార్ట్ చేయాలి’ అనుంది. పైన మూడు ఫైళ్లున్నయ్. ఏదన్నా?”

“రెండోది,” అన్నాను నిద్రమత్తులోనే.

“సరే అన్నా. మరి సంబంధిత సర్వీస్ అంటే?”

అప్పుడు మత్తు వదిలింది. ఆ ప్రశ్నకు జవాబు నాకూ తట్టలేదు. లేచి ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ రన్‌బుక్, అంటే ఇలాంటప్పుడు ఏ స్టెప్ తర్వాత ఏది చేయాలో చెప్పే డాక్యుమెంట్, రాసింది నేనే. రెండేళ్ల కిందట రాసినప్పుడు ఆ వాక్యానికి పైన ఒకే ఒక్క ఫైల్ ఉండేది. తర్వాత ఎవరో మధ్యలో రెండు స్టెప్పులు చేర్చారు. వాటితోపాటే ఇంకో రెండు ఫైళ్లు వచ్చి కూర్చున్నాయి. నా వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు, దాని అర్థం మాత్రం చెడిపోయింది. పైగా నేను ఫోన్‌లో చెప్పిన ‘రెండోది’ కూడా తప్పే. అసలు ఫైల్ ఇప్పుడు మూడో స్థానానికి జరిగింది. ఆ సంగతి కనిపెట్టేసరికి కుర్రాడు రెండో ఫైల్ మార్చేశాడు. పది నిమిషాల పని తెల్లవారుజామున నాలుగింటి దాకా సాగింది.

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని, “నాకే సరిగ్గ అర్థం కాలేదన్నా” అని వాడే సారీ చెప్పాడు. తప్పు నాది, క్షమాపణ వాడిది. అన్నం ముద్ద దిగలేదు.

పాఠకుణ్ని ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పంపే మాటను మన ఆఫీసుల్లో క్రాస్ రిఫరెన్స్ అంటాం. ‘పైన చూడండి’, ‘అడ్మిన్ గైడ్ చూడండి’, ‘వివరాలకు ఇక్కడ క్లిక్ చేయండి’ అన్నీ ఆ కుటుంబంలోవే. రాసేవాళ్లకు అది మూడు మాటల పని. చదివేవాళ్లకు అది ప్రయాణం. ఆ ప్రయాణం దారి తప్పకుండా చూడటమే ఈ అధ్యాయం. మన డాక్యుమెంట్లు ఇంగ్లీషులోనే రాస్తాం కాబట్టి మీరు పని చేసేది ఇంగ్లీషు వాక్యాల మీదే. ఉదాహరణలు మాత్రం తెలుగులో చెబుతాను. రోగం ఏ భాషలోనైనా ఒకటే.

డాక్యుమెంట్ రైటర్ చెప్పిన పాఠం

ఈ విషయంలో నాకు గురువు సాఫ్ట్‌వేర్ మనిషి కాదు. ఆ రాత్రి తర్వాత కొన్ని నెలలకు కొండాపూర్‌లో ఫ్లాట్ కొన్నాం. ఐటీ కారిడార్‌లో ఫ్లాట్ల వేటకు తిరిగినవాళ్లందరికీ ఒక మాట నోటికి వచ్చేసి ఉంటుంది: లింక్ డాక్యుమెంట్లు. ఆ ఆస్తి ఎవరి నుంచి ఎవరికి, ఏ దస్తావేజు మీద చేతులు మారిందో చెప్పే పాత కాగితాల గొలుసు అది. బ్యాంకు తరఫు లాయరు మొదట అడిగేది ఆ గొలుసునే. అందులో ఒక్క లంకె తెగిందా, లోను అక్కడే ఆగిపోతుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కనే చిన్న షట్టర్‌లో డాక్యుమెంట్ రైటర్ కూర్చుని మా సేల్ డీడ్ టైప్ చేస్తున్నాడు. పాత దస్తావేజు వివరాల దగ్గర ఆగి, “లింక్ డాక్యుమెంట్ నంబరేది సార్?” అన్నాడు. కాగితాల కట్ట వెతకడానికి బద్ధకించి, “దాని జిరాక్స్ ఎలాగూ జత చేస్తున్నాం కదా, ‘పై దస్తావేజు ప్రకారం’ అని రాసేయండి” అన్నాను.

ఆయన కీబోర్డు మీంచి చేతులు తీశాడు. “సార్, రేపు ఈడ మీరుండరు, నేనుండను. కాయితం ఒక్కటే ఉంటది. నంబరు, సంవత్సరం, ఏ ఆఫీసో... మూడూ రాయాలె.”

మూడూ ఎందుకంటే, దస్తావేజు నంబర్లు ప్రతి రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ ఏడాదికొకసారి మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. నంబరొక్కటే చెబితే ఏమీ చెప్పనట్టే. సంవత్సరం చేర్చినా సగమే. ఆఫీసు పేరు కూడా ఉంటేనే ఒకే ఒక్క కాగితం దగ్గరికి చేరతాం. అంతటితో ఆగక, షెడ్యూల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులూ రాస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత ముక్కూమొహం తెలియని మనిషి ఆ కాగితం పట్టుకుని వచ్చినా, అదే జాగా ముందు నిలబడాలన్నది వాళ్ల లెక్క.

‘సదరు ఆస్తి’, ‘పైన ఉదహరించిన’ అంటూ దస్తావేజు భాష మెలికలు తిరిగి ఉంటుందని మనం నవ్వుకుంటాం. కానీ డబ్బు ముడిపడిన చోట వాళ్లు ‘సదరు’ మీద భారం వేయరు, నంబరు వేస్తారు. మన ఆఫీసు ఇంగ్లీషు మాత్రం వాళ్ల దగ్గర్నుంచి సదరునొక్కదాన్నే తెచ్చుకుంది. అబవ్ మెన్షన్డ్, రెస్పెక్టివ్, కన్సర్న్‌డ్, యాజ్ డిస్కస్డ్ అన్నీ సదరుకు సూటూ బూటూ తొడిగిన రూపాలే. నంబరును అక్కడే వదిలేసి వచ్చాం.

పాఠకుడు ఆగిపోయే ఐదు చోట్లు

పాత డాక్యుమెంట్లు తిరగేస్తే క్రాస్ రిఫరెన్సులు తప్పేది దాదాపు ఎప్పుడూ ఈ ఐదు తీరుల్లోనే.

ఒకటి, ఎక్కడో తెలియనిది. ‘పైన’, ‘కింద’, ‘ఇంతకుముందు’, ‘తర్వాతి పేజీలో’. మాట్లాడేటప్పుడు ‘పైన’ అన్న మాటకు చేతివేలు తోడుంటుంది. రాతలో ఆ వేలు ఉండదు. కాగితం మీద పైన ఉన్నది వెబ్‌లో ఇంకో పేజీకి పోయి ఉండొచ్చు. మధ్యలో ఎవరో రెండు పేరాలు దూర్చి ఉండొచ్చు. గూగుల్ తన డెవలపర్ డాక్యుమెంట్ల శైలి నియమాల్లో ఈ ‘పైన’, ‘కింద’లను వాడొద్దనే చెబుతుంది.

రెండు, ఏదో తెలియనిది. ‘సంబంధిత సర్వీసు’, ‘తగిన పర్మిషన్లు’, ‘అడ్మిన్ గైడ్ చూడండి’. మూడు వందల పేజీల గైడ్‌లో ఏ పేజీ? అమీర్‌పేటలో మెట్రో ఎక్కినవాడికి ‘మాదాపూర్‌లో దిగి అడుగు, ఎవరైనా చెబుతారు’ అన్నట్టుంటుంది.

మూడు, ఎందుకో తెలియనిది. ‘మరిన్ని వివరాలకు ఇక్కడ క్లిక్ చేయండి’. ఆ పేజీ చదవకుండా ముందుకు పోతే పని చెడుతుందా, లేక తీరికున్నప్పుడు చదువుకోవచ్చా? చెప్పకపోతే జాగ్రత్తపరుడు అన్ని లింకులూ తెరిచి అలిసిపోతాడు, తొందరపడేవాడు ఒక్కటీ తెరవకుండా దెబ్బతింటాడు. చూపులేనివాళ్లకు ఇది మరీ కష్టం. స్క్రీన్ రీడర్‌తో పేజీలోని లింకులన్నీ వరసగా వినే వీలుంది. అలా వింటే మన పేజీ ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ’ అని చదువుతుంది. లింకు ఎందుకున్నదో దాని మాటల్లోనో, చుట్టూ ఉన్న వాక్యంలోనో తెలియాలన్నది 2008లో వచ్చిన అంతర్జాతీయ వెబ్ సౌలభ్య ప్రమాణాల్లో కనీస స్థాయి నియమం.

నాలుగు, ఎప్పటిదో తెలియనిది. ‘కొత్త వెర్షన్’, ‘ప్రస్తుత పద్ధతి’, ‘త్వరలో రాబోయే స్క్రీన్’. మన ప్రాంతం వాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ‘కొత్త ఫ్లైఓవర్ దిగగానే ఎడమకు’ అని ఎవరైనా దారి చెబితే ఏ ఫ్లైఓవర్ అనుకోవాలి? 2018లో అది మైండ్‌స్పేస్ దగ్గరిది. 2019లో బయోడైవర్సిటీది. 2022లో శిల్పా లేఅవుట్‌ది. 2023 జనవరి ఒకటి నుంచి కొత్తగూడది. మాట అదే, దించే చోటు ఏడాదికొకటి.

ఐదు, తిప్పి తిప్పి మొదటికే తెచ్చేది. ఇన్‌స్టలేషన్ పేజీ ‘పోర్టు వివరాలకు కాన్ఫిగరేషన్ పేజీ చూడండి’ అంటుంది. కాన్ఫిగరేషన్ పేజీకి వెళ్తే ‘పోర్టులు ఇన్‌స్టలేషన్ అప్పుడే ఇచ్చి ఉంటారు, ఆ పేజీ చూడండి’ అంటుంది. ఒక కౌంటర్‌లో అడిగితే పక్క కౌంటర్‌కు, అక్కడ అడిగితే మళ్లీ ఇక్కడికే తిప్పే ఆఫీసులను తిట్టుకుంటూ, మనమే అలాంటి ఆఫీసు కడుతున్నాం.

వీటన్నిటికంటే మొండిది ఇంకొకటుంది: కాగితంలోనే లేనిదాన్ని చూపించడం. ‘కాల్‌లో అనుకున్నట్టు’, ‘కేటీ సెషన్‌లో చెప్పిన విధంగా’, ‘ఫలానా సీనియర్‌ను అడగండి’. ఆ కాల్‌లో ఉన్న నలుగురిలో ఇద్దరు ఈపాటికి వేరే కంపెనీ బ్యాడ్జి వేసుకుని ఉంటారు. మూడో మనిషి నోటీస్ పీరియడ్‌లో ఉంటాడు. ‘రేపు ఈడ మీరుండరు’ అన్న మాట ఐటీ కారిడార్‌కు అతికినట్టు ఇంకెక్కడా అతకదు.

వాక్యం బాగుచేసే పద్ధతి

మందు చిన్నదే. ప్రతి క్రాస్ రిఫరెన్సునూ నాలుగు ప్రశ్నలు అడగండి. ఏది? ఎక్కడ? ఎందుకు? ఎప్పటిది? నాలుగింటికీ ఆ వాక్యంలోనే జవాబుండాలి. ఒకే వెర్షన్ ఉన్న చోట నాలుగోది వదిలేయొచ్చు. మొదటి మూడూ తప్పవు.

నా పాత వాక్యం మీదే చేసి చూపిస్తాను.

‘పైన చెప్పిన ఫైల్‌ను పాత స్థితికి తెచ్చి, సంబంధిత సర్వీసును రీస్టార్ట్ చేయాలి. సమస్య వస్తే అడ్మిన్ గైడ్ చూడండి.’

మొదట ‘పైన చెప్పిన’ తీసి పేరు పెట్టాను: ‘బిల్లింగ్ కాన్ఫిగరేషన్ ఫైల్‌ను’. తర్వాత ‘సంబంధిత’ తీశాను: ‘బిల్లింగ్ సర్వీసును’. ఈ రెండు మార్పులతోనే ఆ రాత్రి ఫోన్ కాల్ అవసరం తీరిపోయేది. తర్వాత ‘పాత స్థితి’ నన్ను ఆపింది. ఏ పాత? నిన్నటిదా, పోయిన రిలీజ్‌దా? ‘రెండో స్టెప్‌లో బ్యాకప్ తీసిన కాపీ’ అని రాయబోయి ఆగాను. రేపు ఎవరో ఒక స్టెప్ చేరిస్తే రెండోది మూడోదైపోతుంది. అందుకని స్టెప్‌కే పేరు పెట్టాను. చివరగా ‘సమస్య వస్తే’. ఏ సమస్య? అది తేలితే ఏ పేజీకి పంపాలో తేలుతుంది.

ఇలా తయారైంది: ‘“మొదలుపెట్టే ముందు బ్యాకప్” స్టెప్‌లో దాచిన కాపీతో బిల్లింగ్ కాన్ఫిగరేషన్ ఫైల్‌ను మార్చండి. బిల్లింగ్ సర్వీసును రీస్టార్ట్ చేయండి. రెండు నిమిషాల్లో సర్వీసు లేవకపోతే ముందుకు వెళ్లకండి. అడ్మిన్ గైడ్ 4.2లో “బిల్లింగ్ సర్వీసు స్టార్ట్ కాకపోతే” భాగంలో ఉన్న పరీక్షలు చేయండి.’

వాక్యాలు పెరిగాయి, నిజమే. కానీ అర్ధరాత్రి రెండున్నరకు ఒంటరిగా కూర్చున్నవాడికి నాలుగు ఎక్కువ మాటలు బరువు కావు. ఒక్క తక్కువ మాటే బరువు. ‘ముందుకు వెళ్లకండి’ అన్నది కూడా గమనించండి. ఈ లింకు తప్పనిసరి అని అది చెబుతోంది. తప్పనిసరి కాని చోట ఆ మాటా చెప్పేయండి: ‘ఈ పద్ధతి ఎందుకు ఎంచుకున్నామో తెలుసుకోవాలంటే “డిజైన్ నిర్ణయాలు” పేజీ చదవండి. రోల్‌బ్యాక్‌కు అది అవసరం లేదు.’ చదవనక్కర్లేదని చెప్పడం కూడా సాయమే.

పిల్లర్ నంబరు లాంటి చిరునామా

వాక్యం బాగుపడింది. దాని వెనకున్న లింకు సంగతి? మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరుచుకుంది. దాని కిందున్న అత్తాపూర్, ఉప్పర్‌పల్లి వైపు ఎవరినైనా చిరునామా అడగండి. వీధి పేరు రాదు, పిల్లర్ నంబరు వస్తుంది. బిర్యానీ హోటలు చేతులు మారుతుంది, బట్టల షాపు బోర్డు మారుతుంది, ఇంటి నంబర్లకు బై నంబర్లు మొలుస్తాయి. పిల్లర్ మాత్రం కదలదు, దాని నంబరూ మారదు. జనం ఎవరూ చెప్పకుండానే కదలని గుర్తును పట్టుకున్నారు.

డాక్యుమెంట్‌లో శీర్షిక షాపు బోర్డు లాంటిది. ఎప్పుడైనా మారొచ్చు. చాలా టూల్స్ శీర్షిక మాటల్లోంచే లింకు చిరునామా తయారుచేస్తాయి. ‘బ్యాకప్ ఎలా తీయాలి’ అన్న శీర్షికను ఎవరో ‘బ్యాకప్ విధానం’ అని మార్చగానే పాత లింకులన్నీ గురి తప్పుతాయి. పైగా అది కేకపెట్టి చెప్పదు. పేజీయే లేకపోతే 404 అని కనిపిస్తుంది, అందరికీ తెలుస్తుంది. పేజీ ఉండి, అందులోని భాగం పేరు మాత్రమే మారితే, బ్రౌజర్ చప్పుడు చేయకుండా పేజీ పైభాగంలో దించేసి ఊరుకుంటుంది. లింకులో హ్యాష్ గుర్తు తర్వాత ఉండే ముక్క సర్వర్ దాకా వెళ్లనే వెళ్లదు. అందుకే సర్వర్ లాగ్‌లు వెతికినా ఈ తప్పు దొరకదు. పాఠకుడు మాత్రం పొడుగాటి పేజీ తలాపున నిలబడి, తనకు కావలసింది ఇక్కడ లేదేమో అనుకుని వెనక్కి పోతాడు.

కాబట్టి ముఖ్యమైన ప్రతి భాగానికీ శీర్షికతో సంబంధం లేని ఒక లేబుల్ పెట్టండి. అదే మీ పిల్లర్ నంబరు. డాక్యుమెంట్లు తయారుచేసే స్ఫింక్స్ టూల్ వాడితే శీర్షిక పైన లేబుల్ రాసి, దాన్నే చూపించండి. శీర్షిక మారితే లింకులో కనిపించే పేరు దానంతటదే మారుతుంది, లింకు తెగదు. లేటెక్‌లో లేబుల్, రెఫ్ ఆదేశాలది ఇదే పని. లేబుల్ దొరకకపోతే పీడీఎఫ్‌లో రెండు ప్రశ్నార్థకాలు అచ్చవుతాయి. వర్డ్‌లో చేత్తో ‘పేజీ 14’ అని కొట్టకుండా క్రాస్ రిఫరెన్స్ మెనూ వాడండి. పంపేముందు మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కండి. లేబుల్‌కు ముందు ప్రాంతం పేరు చేర్చడం మరచిపోవద్దు. మెట్రోకూ పిల్లర్లున్నాయి, వాటికీ నంబర్లున్నాయి. వట్టి ‘బ్యాకప్’ కాదు, ‘బిల్లింగ్-బ్యాకప్’ అనాలి.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. అదే ఏడాది, వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ వెబ్ చిరునామాల మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. మంచి చిరునామా మారదన్నది దాని సారం. చిరునామాలు వాటంతటవి మారవు, మనుషులే మారుస్తారని ఆయన ఫిర్యాదు. సైబర్ టవర్స్ ఉన్నచోటే ఉంది కాబట్టి ‘సైబర్ టవర్స్ దగ్గర’ అని ఆనాడు చెప్పిన దారి ఈనాటికీ చెల్లుతోంది. అప్పట్లో ఇంటర్నెట్‌లో పెట్టిన పేజీల్లో ఎన్నింటికి ఆ భాగ్యం దక్కింది?

మార్చేముందు అడగాల్సింది

మార్చకుండా కుదరదు కదా అంటారా. కుదరదు. మార్చే పద్ధతి మాత్రం ఉంది. దానికి చక్కటి తెలుగు మాటలు 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో రోజూ వాడుకలో ఉన్నాయి.

అక్కడ ప్రతి పేజీకీ ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ అని ఒక జాబితా దొరుకుతుంది. పేరు మార్చేముందు చూడాల్సింది అదే. మీ టూల్‌లో ఆ సదుపాయం లేకపోతే ఫైళ్లన్నిటిలో పాత పేరు వెతకండి. తర్వాత ‘దారిమార్పు’. పేజీని తరలించినప్పుడు పాత చిరునామాలో కొత్తదాన్ని చూపించే గుర్తు వదిలిపెడతారు. ఇల్లు మారినవాళ్లు పాత ఇంటి వాచ్‌మన్‌కు కొత్త అడ్రసు చెప్పిపోయినట్టు. మూడోది ‘అయోమయ నివృత్తి’. ఒకే పేరుతో రెండు మూడు విషయాలుంటే వాటిని విడదీసి చూపించే పేజీ. మీ ఉత్పత్తిలో ‘ప్రొఫైల్’ అన్న మాట యూజర్‌కూ, నెట్‌వర్క్‌కూ, ప్రింటర్‌కూ వాడుతున్నారా? అయితే మీకూ ఒక అయోమయ నివృత్తి కావాలి.

పాతదీ కొత్తదీ ఎలా ముడివేయాలో నేర్చుకోవాలంటే ఇంటర్నెట్ ప్రమాణాలను రాసే ఆర్‌ఎఫ్‌సీలను చూడండి. 1969 నుంచి వాటికి వరస నంబర్లు ఇస్తున్నారు. ఒకసారి వెలువడిన ఆర్‌ఎఫ్‌సీని దిద్దరు. మార్పు కావాలంటే కొత్త నంబరుతో కొత్తది రాస్తారు. హెచ్‌టీటీపీ నియమాలు 1999లో 2616గా ఉండేవి. 2014లో అవి 7230 నుంచి 7235 దాకా ఆరు ముక్కలయ్యాయి. 2022లో ప్రధాన భాగం 9110గా వచ్చింది. ఏది దేన్ని రద్దు చేసిందో మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. అచ్చంగా లింక్ డాక్యుమెంట్ల గొలుసే.

తెగిన లింకులు పట్టే పని యంత్రానికి వదిలేయండి. స్ఫింక్స్‌లో లింక్‌చెక్ ఉంది. లోపలి రిఫరెన్స్ దొరకనప్పుడు వచ్చే హెచ్చరికను తప్పుగా లెక్కగట్టి బిల్డ్ ఆపేసే ఏర్పాటూ ఉంది. మిగతా టూల్స్‌కూ ఇలాంటివి దొరుకుతాయి. రాత్రికి రాత్రి నడిచేలా పెట్టేయండి. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. తలుపు తెరుచుకుందా లేదా అన్నదే యంత్రం చూస్తుంది. లోపల ఉన్నది మనం వెతికే మనిషేనా అన్నది మనిషే చూడాలి. ‘పైన చెప్పిన ఫైల్’ ఏ పరీక్షలోనూ తెగిన లింకుగా దొరకదు.

ఎప్పుడు పంపకూడదు

ఇంతా చెప్పాక మరీ ఉత్సాహంగా ప్రతి మాటకూ లింకు పెట్టేవాళ్లుంటారు. కూర మాడిపోతున్నప్పుడు ‘ఉప్పు ఎంతో తెలుసుకోవడానికి 32వ పేజీ చూడండి’ అని వంటల పుస్తకం చెబితే ఎలా ఉంటుంది? చేతులు పనిలో ఉన్నప్పుడు పాఠకుణ్ని లేపకండి. స్టెప్ మధ్యలో కావలసినది రెండు వాక్యాల లోపు ఉంటే ఇక్కడే రాసేయండి. ఎక్కువ ఉంటే పని మొదలుకాకముందే ‘ఇవి సిద్ధం చేసుకోండి’ అని పైకి తెచ్చి, లింకు అక్కడ పెట్టండి.

దీనికొక మినహాయింపు ఉంది. తరచూ మారే విలువలు, అంటే పోర్టు నంబర్లు, పరిమితులు, ఫోన్ నంబర్లు, ఒక్కచోటే ఉండాలి. వాటిని నాలుగు పేజీల్లో నకలు రాస్తే, మారిన రోజున మూడు చోట్ల అబద్ధం మిగులుతుంది. మారనిదాన్ని దగ్గరికి తేవాలి, మారేదాని దగ్గరికి పంపాలి.

చెప్పడం, అడగడం

టూల్స్ సంగతి వారంలో వస్తుంది. రానిది ఇంకొకటుంది. అర్థం కానప్పుడు, అర్థం కాలేదని చెప్పడం. మా కుర్రాడు నాలుగు నెలల్లో ఆ రన్‌బుక్ అంతకుముందు రెండుసార్లు చదివాడట. రెండుసార్లూ ఆరో స్టెప్ దగ్గర సందేహం వచ్చింది. ‘సీనియర్లు రాశారు, నాకే తెలియదేమో’ అనుకుని ఊరుకున్నాడు. మొదటి రోజే అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో బాగుపడేది.

మీరు కొత్తవాళ్లయితే, మీ అయోమయం టీమ్‌కు ఆస్తి. ఆరు నెలలు గడిస్తే మీకూ అన్నీ అలవాటై గుంతలు కనబడవు, రోజూ వెళ్లే రోడ్డు మీది గుంతల్లాగే. అడిగేటప్పుడు ‘ఇది సరిగ్గా లేదు’ అనకండి. ‘ఆరో స్టెప్ దగ్గర ఆగిపోయానన్నా, పైన మూడు ఫైళ్లున్నాయి, నేను రెండోది అనుకున్నా’ అనండి. ఎక్కడ ఆగారో, ఏమనుకున్నారో చెబితే రాసినవాడికి రోషం రాదు, పని దొరుకుతుంది.

మీరు సీనియర్లయితే, జవాబు నోటితో చెప్పి వదిలేయకండి. నోటితో చెప్పిన జవాబు ఒక్కడికే అందుతుంది. అడిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ వాక్యం అప్పుడే మార్చండి. వీలైతే మార్పు వాడి చేతే చేయించండి.

ఈ వారం పని

డాక్యుమెంట్లన్నీ ఒకేసారి బాగుచేద్దామని కూర్చుంటే బుధవారానికి విసుగొస్తుంది. తొందరలో, భయంలో చదివే పేజీలతో మొదలుపెట్టండి: రోల్‌బ్యాక్, అప్‌గ్రేడ్, ఎర్రర్ మెసేజ్ వచ్చాక తెరిచే పేజీలు.

సోమవారం: అలాంటి ఒక్క పేజీ ఎంచుకోండి. అబవ్, బిలో, హియర్, రిఫర్, రెలవెంట్, రెస్పెక్టివ్, సేమ్, లేటెస్ట్, యాజ్ డిస్కస్డ్ అన్న మాటలు వెతికి రంగు పూయండి. వాటిలో కొన్ని బాగానే ఉంటాయి. మార్చే తొందర వద్దు, ముందు లెక్కపెట్టండి.

మంగళవారం: రంగు పడ్డ ప్రతిదాన్నీ ఏది, ఎక్కడ, ఎందుకు, ఎప్పటిది అని అడగండి. జవాబు మీకే తెలియకపోతే తెలిసినవాళ్లను పట్టుకోండి. వాళ్లు నోటీస్ పీరియడ్‌లో ఉంటే ఈ పని సోమవారమే చేయండి.

బుధవారం: వాక్యాలు మార్చండి. ముఖ్యమైన భాగాలకు లేబుళ్లు పెట్టండి.

గురువారం: లింక్‌చెక్ నడపండి. తర్వాత ప్రతి లింకునూ మీరే నొక్కి, సరైన పేరా ముందు దిగారో లేదో చూడండి.

శుక్రవారం: టీమ్‌లో అందరికంటే కొత్తగా చేరినవాళ్లకు ఆ పేజీ ఇచ్చి టెస్ట్ సర్వర్ మీద పని చేయమనండి. పక్కనే కూర్చోండి. నోరు విప్పకండి. వాళ్లు తలెత్తి మీ వైపు చూసిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయండి. ఆ గీతలే వచ్చే సోమవారం మీ పని.

మా పేజీకి మొదటి శుక్రవారం ఏడు గీతలు పడ్డాయి. మూడో శుక్రవారం ఒకటి. ఆ ఒక్కటీ, “అన్నా, అయిపోయింది. చాయ్‌కి పోదామా?” అని అడగడానికి తలెత్తినప్పుడు పొరపాటున గీసింది.